ఎడారి పశువులకు పాతాళపు నీళ్లు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

కిందటి సంచికలో ఆస్ట్రేలియా మధ్య ఎడారిలో ఉన్న అన్నా క్రీక్ అనే పశుక్షేత్రం గురించి నాలుగు వాక్యాలు ప్రచురించాం. ప్రపంచంలోకెల్లా పెద్ద పశుక్షేత్రంగా దానికి పేరుందనీ, అది మన ఉమ్మడి అనంతపురం జిల్లాకన్నా పెద్దదనీ రాశాం. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నీటి గురించే అడిగాయి కనుక ఈసారి శీర్షిక మొత్తాన్నీ వాటికే కేటాయించాం.

ప్రశ్న: ఏడాదికి ఐదారు అంగుళాలకు మించి వాన పడని చోట అంత భూమిని పెట్టుకుని ఏం చేస్తారు? పశువులు ఏం తిని, ఏం తాగి బతుకుతాయి?
— ధర్మవరం నుంచి ఒక పాఠకుడు

జవాబు: అన్నా క్రీక్ దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రంలో, అడిలైడ్ నగరానికి ఉత్తరాన చాలా దూరంలో, ఎయిర్ సరస్సుకు పడమటి వైపున ఉంది. దాని విస్తీర్ణం 23,677 చదరపు కిలోమీటర్లు, అంటే 58 లక్షల ఎకరాల పైమాట. ఉమ్మడి అనంతపురం జిల్లా విస్తీర్ణం 19,130 చదరపు కిలోమీటర్లు. నేల అంతా ఒక్క తీరుగా ఉండదు. కొంత మేర ఎర్రటి ఇసుక దిబ్బలు, ఇంకొంత మేర ‘గిబ్బర్’ అనే నున్నటి గులకరాళ్లు పరచుకున్న మైదానాలు, మధ్య మధ్య ఉప్పు పేరుకున్న పల్లాలు, ఏడాదిలో చాలా కాలం ఎండి ఉండే వాగులు, ఆ వాగుల గట్ల మీద మాత్రమే కనిపించే యూకలిప్టస్ జాతి చెట్లు. ఈ ప్రాంతానికి ఉత్తరాన ఉన్న ఊద్నదత్తా అనే చిన్న ఊళ్లో 1960 జనవరి 2న 50.7 డిగ్రీల ఎండ నమోదైంది. నేల మీద నిలిచిన నీరు ఏడాదిలో మూడు మీటర్ల లోతు దాకా ఆవిరైపోయే చోటు అది.

పశువులు తినేది వానకు మొలిచే ఏడాది గడ్డిని, అది లేనప్పుడు ‘సాల్ట్‌బుష్’ అనే ఉప్పు పొదలను. ఉప్పు పొదను మేసిన పశువుకు దాహం మరింత పెరుగుతుంది. వర్షాలు అనుకూలించిన ఏళ్లలో అన్నా క్రీక్‌లో పదిహేను, పదహారు వేల పశువులు మేస్తాయి. లెక్క వేస్తే ఒక్కో పశువుకు 350 ఎకరాలకు పైగా పడుతుంది. కరవు ముదిరిన 2008 ప్రాంతంలో మందలో అత్యధిక భాగాన్ని అక్కడి నుంచి తరలించవలసి వచ్చింది.

అయితే ఎకరాల లెక్క చూసి అక్కడి పశుపోషణను అర్థం చేసుకోవడం కష్టం. వేసవిలో పశువు మేత కోసం నీటి నుంచి ఐదు కిలోమీటర్ల దూరం మామూలుగా వెళుతుంది, మేత కరువైతే పది కిలోమీటర్ల దాకా నడుస్తుంది, ఆపైన ఎంత పచ్చిక ఉన్నా అది ఆ పశువుకు లేనట్టే. కాబట్టి ఒక తొట్టి చుట్టూ ఐదు కిలోమీటర్ల వ్యాసార్ధంలో ఉన్న సుమారు 78 చదరపు కిలోమీటర్లే ఆ తొట్టికి చెందిన పచ్చిక బయలు. కొత్త తొట్టి పెడితే కొత్త భూమి పుట్టినట్టు, ఉన్న తొట్టి ఎండితే ఆ మేరకు భూమి పోయినట్టు. తొట్టి దగ్గర నేల గిట్టల కింద నలిగి బోడిగా మారి, దూరం వెళ్లే కొద్దీ మొక్కలు దట్టమవుతాయి. విమానంలోంచి చూస్తే ఆ బోడి నేలల గుండ్రని జాడలూ, వాటి వైపు నలుదిక్కుల నుంచి చేరే పశువుల దారులూ స్పష్టంగా కనిపిస్తాయి.

తొట్టికి నీరు మూడు దారుల్లో వస్తుంది. వాగుల్లోని మడుగులు, వరద నీటిని నిలిపేందుకు తవ్వుకున్న మట్టి కుంటలు వానను నమ్ముకున్నవి, వాన లేకపోతే అవీ లేవు. వానతో పని లేనిది మూడోది, భూగర్భ జలం. దాని సంగతి తర్వాతి జవాబులో వివరంగా ఉంది.

ప్రశ్న: మా పొలంలో 900 అడుగులు వేసిన బోరులోంచి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. అక్కడ మోటారు లేకుండానే నీళ్లు పైకి ఎగజిమ్ముతాయని చదివాను. వాన మాకన్నా తక్కువ పడే చోట ఇదెలా సాధ్యం?
— కదిరి నుంచి ఒక రైతు

జవాబు: మీ కింద ఉన్నది గ్రానైటు రాయి. అందులో నీరు ఉండేది పైన శిథిలమై గుల్లబారిన రాతి పొరలోనూ, లోపలి పగుళ్లలోనూ మాత్రమే. పగులు తగిలితే నీరు, తగలకపోతే రాతిపొడి. లోతుకు పోయే కొద్దీ పగుళ్లు తగ్గుతాయి కాబట్టి 900 అడుగుల తర్వాత ఇంకో వంద అడుగులు దింపడం చాలాసార్లు డబ్బును భూమిలో పోయడమే అవుతుంది.

ఆస్ట్రేలియా మధ్య, తూర్పు భాగాల కింద ఉన్నది పూర్తిగా వేరే నిర్మాణం. దాన్ని గ్రేట్ ఆర్టీసియన్ బేసిన్ అంటారు. సుమారు 17 లక్షల చదరపు కిలోమీటర్ల మేర, అంటే ఆ ఖండంలో ఐదో వంతు కన్నా ఎక్కువ భాగం కింద, నీటిని పీల్చుకునే ఇసుకరాయి పొరలు కోట్ల ఏళ్ల క్రితం పరచుకున్నాయి. తర్వాతి కాలంలో అక్కడ సముద్రం నిలిచినప్పుడు నీటిని చొరనివ్వని బంకమట్టి రాతి పొరలు వాటి మీద మూతలా పేరుకున్నాయి. తూర్పున క్వీన్స్‌లాండ్ కొండల దగ్గర ఆ ఇసుకరాయి పైకి తేలి ఉంటుంది. అక్కడ కురిసిన వాన అందులోకి ఇంకి, మెల్లగా పడమటికి, నైరుతికి జారుతూ, కొన్ని చోట్ల 3,000 మీటర్ల లోతుకు దిగుతుంది. ప్రవేశించే చోటు ఎత్తులో ఉండటం వల్ల, పైన మూత గట్టిగా ఉండటం వల్ల, లోపలి నీరు ఒత్తిడిలో ఉంటుంది. మిద్దె మీది ట్యాంకు నుంచి కిందికి వచ్చిన పైపుకు చిల్లు పడితే నీరు ఎందుకు చిమ్ముతుందో ఇక్కడ బోరు వేస్తే అందుకే చిమ్ముతుంది. అంటే ఎడారిలో పైకొచ్చే నీరు ఎడారిలో కురిసిన వాన కాదు. పడమటి అంచున ఫింక్ వంటి ఎడారి నదుల ఇసుక పడకల నుంచి కొంత ఇంకే మాట నిజమే గాని, అది చాలా స్వల్పం.

ఆ నీటి నడక ఏడాదికి ఒకటి నుంచి ఐదు మీటర్లు. వెయ్యి కిలోమీటర్ల దూరాన్ని ఏడాదికి ఒక మీటరు చొప్పున దాటాలంటే పది లక్షల ఏళ్లు పడుతుంది. ఇది ఊహ కాదు, నీటిలో అతి తక్కువ మోతాదులో ఉండే క్లోరిన్-36, క్రిప్టాన్-81 అనే రేడియోధార్మిక పరమాణువులు ఎంత మేరకు తరిగిపోయాయో కొలిచి శాస్త్రవేత్తలు కట్టిన వయసులు లక్షల ఏళ్లలోనే ఉన్నాయి. అన్నా క్రీక్ వైపు ఒక లేగదూడ ఈ ఉదయం తాగిన నీరు, మనిషి ఆ ఖండంలో అడుగు పెట్టడానికి ఎంతో ముందు వానగా కురిసిందన్నమాట.

అంత లోతు నుంచి వచ్చే నీరు వేడిగా ఉంటుంది. కొన్ని చోట్ల 30 డిగ్రీలు, కొన్ని చోట్ల దాదాపు మరిగే స్థాయి. బర్డ్స్‌విల్ అనే ఊరి బోరులో నీరు సుమారు 98 డిగ్రీలు ఉండేది, దానితో అక్కడ కొన్నేళ్లు కరెంటు కూడా తీశారు. క్వీన్స్‌లాండ్‌లోని థార్గొమిండా ఊళ్లో 1890లలోనే బోరు నీటి ఒత్తిడితో విద్యుత్తు పుట్టించి వీధి దీపాలు వెలిగించారు. పశువుల విషయంలో ఈ వేడి ఒక చిక్కు: నీటిని చల్లార్చకుండా తొట్టిలోకి వదలలేరు, చల్లార్చకుండా ప్లాస్టిక్ పైపులోకి పంపితే పైపు మెత్తబడిపోతుంది. అందుకని బోరు పక్కనే లోహపు గొట్టాల వరసల్లో కొంతసేపు తిప్పి, వేడి తగ్గాక పైపులోకి మళ్లిస్తారు.

ఇక్కడితో ఆగితే మీకు ఆ నేల మీద అసూయ కలగడం సహజం, కాబట్టి మిగిలిన సగం కూడా చెప్పాలి. 1878లో న్యూ సౌత్ వేల్స్‌లోని కల్లారా పశుక్షేత్రంలో తొలి బోరు పొంగింది. ఆ తర్వాత నలభై ఏళ్లలో వేల బోర్లు వేశారు. వేసిన బోరుకు మూత పెట్టే అలవాటు లేదు. చిమ్మే నీటిని మట్టి కాలువల్లోకి వదిలేస్తే అవి పదుల కిలోమీటర్లు పారుతూ చల్లబడి, దారి పొడవునా పశువులు తాగేవి. ఆ కాలువల్లో పారిన నీటిలో నూటికి తొంభై పాళ్లకు పైగా ఇంకిపోవడానికో, ఆవిరి కావడానికో పోయింది. లెక్క చూడండి: వేసవిలో పెద్ద పశువుకు రోజుకు 60 నుంచి 80 లీటర్లు చాలు, వెయ్యి పశువులకు 80 వేల లీటర్లు, అదే కాలువకు రోజుకు పది లక్షల లీటర్లు వదిలేవారు. 1915 ప్రాంతంలో బేసిన్ మొత్తం నుంచి బయటికొచ్చే నీరు రోజుకు సుమారు 200 కోట్ల లీటర్లకు చేరి, ఆ తర్వాత తగ్గుతూ వచ్చింది. నీరు అయిపోయి కాదు, ఒత్తిడి పడిపోయి. లోపల ఇప్పటికీ అపారమైన నీరుంది, అంచనా 65,000 ఘన కిలోమీటర్లు. అయినా పొంగే బోర్లలో సుమారు మూడోవంతు పొంగడం మానేశాయి. వాటికి ఇప్పుడు గాలిమరో సోలార్ పంపో కావాలి.

దీనికి మందుగా 1999 నుంచి 2017 దాకా కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు, పశుపాలకులు కలిసి ఖర్చు పంచుకుని ఒక పథకం నడిపారు. 750కి పైగా బోర్లకు కవాటాలు బిగించి, మట్టి కాలువలు పూడ్చి, 31,000 కిలోమీటర్లకు పైగా పైపులు వేశారు. ఏటా 25,000 కోట్ల లీటర్ల దాకా నీరు వృథా కాకుండా ఆగింది, కొన్ని చోట్ల ఒత్తిడి మళ్లీ పెరిగింది. నా దృష్టిలో మన బోరు రైతులు ఆస్ట్రేలియా నుంచి తెలుసుకోదగినది నీరు చిమ్మడం కాదు, ఈ కవాటం కథే. పొరుగు బోరు ఎంత తోడితే మన బోరు అంత దిగుతుందన్న సంగతి మీకు కొత్త కాదు. అక్కడ అది వందల కిలోమీటర్ల మేర జరుగుతుంది.

ప్రశ్న: అంత నీరున్నప్పుడు పశువులకే ఎందుకు పరిమితం చేశారు? డ్రిప్పు పెట్టి పంటలు పండించవచ్చు కదా?
— కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఆ నీటిలో సోడియం బైకార్బనేటు ఎక్కువ. పశువు తాగితే ఇబ్బంది లేదు, పొలానికి పారిస్తే కొన్నేళ్లలో మట్టి కణాలు విడిపోయి, నేల గట్టిపడి, చౌడు తేలుతుంది. కొన్ని చోట్ల ఫ్లోరైడు కూడా మోతాదుకు మించి ఉంటుంది. ఆ కష్టం ఎలాంటిదో నల్గొండ వాళ్లకు చెప్పనక్కరలేదు. పైగా పండించిన పంటను అమ్మాలంటే వందల కిలోమీటర్ల మట్టి దారి. దక్షిణ ఆస్ట్రేలియాలో గోయ్‌డర్ అనే సర్వేయరు 1865లోనే వాన నమ్మకంగా పడే నేలకూ పడని నేలకూ మధ్య ఒక గీత గీసి, దానికి ఉత్తరాన సేద్యం వద్దని హెచ్చరించాడు. నాలుగు మంచి వానలు చూసి ఆ గీత దాటి గోధుమ వేసినవాళ్ల రాతి ఇళ్లు ఇప్పటికీ అక్కడ మొండి గోడలుగా నిలిచి ఉన్నాయి. అన్నా క్రీక్ ఆ గీతకు ఎంతో ఉత్తరాన ఉంది.

ప్రశ్న: మ్యాపులో ఎయిర్ సరస్సు పెద్ద నీలి మచ్చలా కనిపిస్తుంది. పక్కనే అంత సరస్సు ఉండగా పాతాళం నుంచి నీరు తీయడం ఎందుకు?
— విశాఖపట్నం నుంచి ఒక విద్యార్థి

జవాబు: మ్యాపు గీసేవాళ్లు నీలి రంగు వేయడంలో కాస్త ఉదారంగా ఉంటారు. ఎయిర్ సరస్సు ఎక్కువ కాలం ఉప్పు పలక. స్థానిక అరబానా ప్రజలు పిలిచే కాటి తండా అనే పేరును 2012లో అధికారికంగా జోడించారు. దాని అడుగు సముద్ర మట్టానికి సుమారు 15 మీటర్లు దిగువన ఉంది, ఆస్ట్రేలియాలో అంతకన్నా పల్లమైన చోటు లేదు. ఆ ఖండంలో ఆరో వంతు భూమి మీద పడే నీరు సముద్రానికి పోకుండా దానివైపే వాలుతుంది గాని, అందులో చాలా భాగం దారిలోనే ఇంకి, ఆవిరై పోతుంది. చివరిదాకా చేరి సరస్సు నిండటం అరుదు. 1974లో నిండినంతగా గత శతాబ్దంలో మరెప్పుడూ నిండలేదు. నిండినప్పుడు కూడా అడుగునున్న ఉప్పు కరిగి నీరు పశువు నోటికి పనికిరాకుండా పోతుంది. ఎండిన సరస్సు ఎంత చదునుగా, గట్టిగా ఉంటుందంటే 1964లో డొనాల్డ్ క్యాంప్‌బెల్ దాని మీదే కారు నడిపి గంటకు 648 కిలోమీటర్లకు పైగా వేగంతో రికార్డు సాధించాడు.

పశువులకు మేలు చేసేది సరస్సు కాదు, దానివైపు వచ్చే నదులు. క్వీన్స్‌లాండ్‌లో కూపర్, డయమంటీనా, జార్జినా నదులు ఒకే పాయగా పారవు, వాలు అతి తక్కువ కావడంతో వందల చిన్న పాయలుగా విడిపోయి పదుల కిలోమీటర్ల వెడల్పున పరచుకుంటాయి. ఎగువన ఎక్కడో కురిసిన వాన, ఇక్కడ ఒక్క చినుకు పడకపోయినా, వారాల తర్వాత వచ్చి నేలను నానబెడుతుంది, ఆపైన మొలిచే మేత మీద మందలు త్వరగా బలుస్తాయి. సిడ్నీ కిడ్మన్ అనే పశువుల వ్యాపారి (1857–1935) ఈ కిటుకు పసిగట్టి, ఉత్తరం నుంచి దక్షిణానికి నీటి జాడల వెంట ఒకదాని తర్వాత ఒకటిగా పశుక్షేత్రాలు కొన్నాడు. ఒక చోట కరవు వస్తే మందను తర్వాతి చోటికి తోలించేవాడు. అన్నా క్రీక్ కూడా అతని పేరు మీది కంపెనీ చేతిలో చాలా కాలం ఉంది.

ప్రశ్న: ఆ భూమి, ఆ నీరు ఎవరివి? అక్కడ ముందునుంచీ ఉన్న జనం ఏమయ్యారు?
— నెల్లూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: భూమి ప్రభుత్వానిది. పశుపాలకుడికి ఉండేది 42 ఏళ్ల కౌలు హక్కు. ఎన్ని పశువులను మించకూడదో అందులోనే రాసి ఉంటుంది. 2015లో కిడ్మన్ కంపెనీని విదేశీయులకు అమ్మబోతే, అన్నా క్రీక్‌లో కొంత భాగం వూమెరా ఆయుధ పరీక్షా క్షేత్రంలో ఉందన్న కారణంతో కేంద్ర ప్రభుత్వం అడ్డుకుంది. చివరికి 2016లో ఆ పశుక్షేత్రాన్ని విడదీసి ఆ ప్రాంతపు మరో పశుపాలక కుటుంబానికి అమ్మారు.

అరబానా ప్రజలకు 2012లో తమ సంప్రదాయ భూమి మీద హక్కును కోర్టు గుర్తించింది. ఈ ప్రాంతపు నీటి చరిత్ర అసలు వాళ్లదే. బేసిన్ అంచున మూత పలచబడిన చోట్ల నీరు తనంతట తాను బుగ్గలుగా పైకొస్తుంది. నీటిలోని సున్నం, గాలికి కొట్టుకొచ్చిన ఇసుక కలిసి గట్టిపడగా ఏర్పడిన చిన్న గుట్టల నెత్తిన ఆ బుగ్గలు ఉంటాయి. బ్లాంచ్ కప్ అనే బుగ్గ దగ్గర నిలబడితే గుండ్రటి నీటి గుంట, చుట్టూ రెల్లు, దాని వెనక హామిల్టన్ హిల్ అనే ఎత్తైన గుట్ట కనిపిస్తాయి. ఆ గుట్ట కూడా ఒకప్పటి బుగ్గే, ఎండిపోయి ఎన్నో వేల ఏళ్లయింది. ఈ బుగ్గల వరస వెంటే అరబానా ప్రజలు ప్రయాణించారు, అదే జాడ పట్టుకుని 1859లో జాన్ మెక్‌డౌవల్ స్టూవర్ట్ అనే అన్వేషకుడు ఉత్తరానికి దారి వెదికాడు, 1872లో టెలిగ్రాఫ్ తీగ వచ్చింది, తర్వాత రైలు వచ్చింది. ఇప్పుడున్న ఊద్నదత్తా మట్టి రోడ్డూ అదే వరసలో పోతుంది. దారి చూపించినవాళ్ల పేర్లు మాత్రం మ్యాపులో చాలా ఆలస్యంగా ఎక్కాయి.

బుగ్గలకు ఇప్పుడు రెండు ముప్పులు. పశువులు తొక్కి పాడు చేయడం ఒకటి, దాన్ని కంచెతో ఆపవచ్చు. ఒత్తిడి తగ్గడం రెండోది, దానికి కంచె లేదు. ఆ ప్రాంతంలోని ఒలింపిక్ డ్యామ్ గని కూడా ఈ బేసిన్ నీటినే తీసుకుంటోంది, దాని ప్రభావం తమ బుగ్గల మీద పడుతుందని అరబానా ప్రజలు చాలా కాలంగా ఆందోళన చెబుతున్నారు. డల్హౌసీ బుగ్గల్లో ప్రపంచంలో మరెక్కడా లేని చేపలున్నాయి. ఒక బుగ్గ ఆరిపోతే అక్కడి ప్రాణి మరో చోటికి నడిచి వెళ్లలేదు.

ప్రశ్న: అడిలైడ్‌లో చదువుతున్న మా అమ్మాయి స్నేహితులతో కలిసి ఆ దారిలో కారులో వెళతానంటోంది. నీటి విషయంలో ఏం జాగ్రత్తలు చెప్పాలి?
— రాజమహేంద్రవరం నుంచి ఒక తల్లి

జవాబు: వేసవి, అంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వద్దని చెప్పండి, మే నుంచి ఆగస్టు మధ్య వెళితే పగలు హాయిగా ఉంటుంది, రాత్రి చలి. మనిషికి రోజుకు పది లీటర్లకు తగ్గకుండా తాగునీరు కారులో పెట్టుకోవాలి, దారిలో కనిపించే కుళాయి నీరు బోరుదైతే అడగకుండా తాగకూడదు. బండి ఆగిపోతే దాన్ని వదిలి నడవకూడదు, ఎందుకంటే విమానం నుంచి వెదికేవాళ్లకు మనిషికన్నా బండి తేలికగా కనిపిస్తుంది. వాన పడి మూసేసిన మట్టి రోడ్డు మీద బండి నడిపితే పెద్ద జరిమానా వేస్తారు.

స్నానానికి కావర్డ్ స్ప్రింగ్స్ దగ్గర ఆగవచ్చు. 1886లో రైల్వే కోసం వేసిన బోరు తుప్పు పట్టి, దశాబ్దాల పాటు అదుపు లేకుండా పారి, అక్కడ ఒక చిత్తడి నేలను సృష్టించింది. 1993లో బోరును బాగుచేశాక, పక్షుల కోసం కొంత నీటిని మాత్రం పారనిస్తున్నారు. రాత్రి బసకు పశువుల తొట్టి పక్కన చోటు చదునుగా ఉందని గుడారం వేయవద్దని తప్పక చెప్పండి. తొట్టికి అర కిలోమీటరు లోపల బస చేయకూడదని అక్కడి చట్టంలోనే ఉంది. మనుషుల అలికిడి ఉంటే మంద దూరంగా నిలబడిపోతుంది, మీ అమ్మాయి బృందం తెల్లవారి బయలుదేరేదాకా దాహంతో అలాగే ఉంటుంది.